హాస్టల్ రూమ్‌లో రాత్రి రెండింటి దాకా లైటు ఆరదు, సింగిల్ రూమ్‌కి మారిపోనా?

తూర్పుకిటికీ

యూనివర్సిటీ హాస్టల్‌లో చేరి సరిగ్గా 3 వారాలైంది. ఇద్దరుండే రూమ్. నా రూమ్మేట్ రెండో ఏడాది అక్క. మంచి మనిషి, నన్ను ఒక్క మాట అనలేదు ఇప్పటిదాకా. కానీ రాత్రి రెండింటి దాకా పైన ట్యూబ్‌లైటు వేసుకునే చదువుతుంది. కీబోర్డు టకటకలు సరేసరి. పొద్దున 6 నుంచి అలారం మొదలవుతుంది. ఐదు నిమిషాలకోసారి మోగుతూనే ఉంటుంది, తను లేవదు, నాకు మాత్రం మెలకువ వచ్చేస్తుంది. నాకు 8 గంటలకే క్లాసు. మొన్న ల్యాబ్‌లో నిలబడే కునికిపాట్లు పడ్డాను, చేతిలో ఉన్నది గాజు సామాను.

మా ఫ్లోర్‌లో ఒక సింగిల్ రూమ్ ఖాళీ అయింది. కావాలనుకున్నవాళ్లు శుక్రవారం సాయంత్రంలోగా ఫారం ఇవ్వాలని నోటీసు పెట్టారు. ఇవ్వాలా వద్దా? నేను ఇంతకుముందు ఎప్పుడూ హాస్టల్‌లో లేను, ఇంట్లో నాకు సొంత గది ఉండేది. అందువల్ల నాకే సర్దుకోవడం రావట్లేదా అని కూడా అనిపిస్తోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.

నడవా_చివరిగది

ఇచ్చేయండి. ఇందులో ఆలోచించడానికేముంది? నిద్ర లేకపోతే చదువు లేదు. సింగిల్ రూమ్ మళ్లీ మళ్లీ ఖాళీ అవ్వదు.

పాత_బ్యాచ్

ఒక్క ప్రశ్న. లైటు వల్ల మీకు నిద్ర పట్టట్లేదని ఆ అక్కకి తెలుసా?

తూర్పుకిటికీ

నోరు తెరిచి చెప్పలేదండి. కానీ తెలిసే ఉంటుంది. పదకొండింటికే పడుకుని దుప్పటి మొహం మీదకి లాక్కుంటాను. రెండు మూడుసార్లు అటూ ఇటూ గట్టిగానే దొర్లాను. తను సీనియర్, నేను వచ్చి మూడు వారాలు. "అక్కా, లైటు ఆర్పు" అని ఎలా అంటాను? మొహమాటంగా ఉంది.

గుడ్లగూబ

ఇది చదివి ఊరుకోలేక అకౌంట్ తెరిచి రాస్తున్నాను. ఎందుకంటే మీ కథలో ఆ లైటు వేసుకున్న మనిషిని నేను.

నా మొదటి ఏడాది. రాత్రయితేనే నాకు బుర్ర పనిచేసేది. నా రూమ్మేట్ తొందరగా పడుకునేవాడు, మొహం గోడవైపు తిప్పుకునేవాడు. అది వాడి అలవాటనుకున్నాను. దుప్పటి ముసుగు వేసుకుంటే చలేమో అనుకున్నాను. పొద్దున పలకరిస్తే ముక్తసరిగా మాట్లాడేవాడు, అది వాడి స్వభావం అనుకున్నాను. నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం నేను బయటికి వెళ్లి వచ్చేసరికి సగం గది ఖాళీగా ఉంది. పరుపు చుట్టేసి ఉంది. వేరే ఫ్లోర్‌కి మారిపోయాడు. కారణం నాకు పక్క గదివాళ్లు చెప్పారు, అదీ రెండు వారాల తర్వాత. ఆ నాలుగు నెలలూ మా ఫ్లోర్‌లో అందరికీ నా లైటు గురించి తెలుసు. తెలియనివాణ్ని నేనొక్కణ్నే.

ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రాత్రే ఆర్పేసేవాణ్ని. లైబ్రరీ 12 దాకా తెరిచే ఉండేది, కింద కామన్ రూమ్ ఉండేది. నాకు బాధేసింది వాడు వెళ్లిపోయినందుకు కాదు. నేను ఒక మనిషిని నాలుగు నెలలు నిద్ర లేకుండా చేశానన్నది నాకు తెలియనే తెలియనందుకు. చదువుకునేవాడికి దుప్పటి ముసుగు కనపడదండి. కనపడేది స్క్రీన్ ఒక్కటే.

మీరు మారినా మారకపోయినా, ముందు ఆ అక్కకి చెప్పండి.

తూర్పుకిటికీ

మీరు రాసింది రెండుసార్లు చదివాను. తన వైపు నుంచి ఆలోచించనే లేదు నేను. థాంక్స్ అండి.

నిద్రమాత్రం_వదలను

ఆ అక్క కావాలని చేయట్లేదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. మనిషి ఒంట్లో ఉండే నిద్ర గడియారం పది పన్నెండేళ్ల వయసు నుంచి మెల్లగా వెనక్కి జరుగుతూ వస్తుంది. దాదాపు 20 ఏళ్లకు అది అన్నిటికన్నా ఆలస్యంగా నడుస్తుంది, ఆ తర్వాత మళ్లీ ముందుకి రావడం మొదలవుతుంది. అంటే జీవితంలో అత్యంత ఆలస్యంగా నిద్ర వచ్చే వయసులో ఉన్న మనుషులందరినీ ఒకే కప్పు కింద పెట్టేది హాస్టల్. వాళ్లలోనూ తేడాలుంటాయి. మీది ముందు నడిచే గడియారం, తనది వెనక నడిచేది. ఇది బద్ధకం కాదు, మొండితనమూ కాదు.

రెండో సంగతి. పైన ట్యూబ్‌లైటు మీ ఒక్కరికే కాదు, తనకీ చెరుపే. రాత్రి కంట్లో పడే వెలుతురు మెలటోనిన్ ఊరకుండా ఆపుతుంది, అదే మన ఒంటికి "చీకటి పడింది" అని చెప్పే హార్మోన్. మామూలు గది లైటు కూడా దీనికి చాలు. పడుకునే ముందు గంటల తరబడి తెల్లటి ట్యూబ్‌లైటు కింద కూర్చుంటే రెండింటికి వచ్చే నిద్ర ఇంకా వెనక్కి పోతుంది, పొద్దున అలారానికి లేవలేకపోవడం దాని కొనసాగింపే. పసుపు వెలుతురు ఇచ్చే చిన్న టేబుల్ ల్యాంపు, వెలుతురు పుస్తకం మీదే పడేట్టు గోడవైపు తిప్పిపెట్టుకుంటే ఇద్దరికీ మేలు. మీరు కళ్లకి గంతలు కట్టుకోండి, నల్లటి గుడ్డవి దొరుకుతాయి. చెవులకి మెత్తటి ఫోమ్ ఇయర్‌ప్లగ్స్. వాటిని సన్నగా చుట్టి, చెవిని కొంచెం పైకి లాగి లోపలికి పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. చాలామంది చెవి అంచున ఇరికించి "పనిచేయట్లేదు" అంటారు.

పాత_బ్యాచ్

ఎలా చెప్పాలి అని అడిగారు కాబట్టి చెప్తాను. హాస్టళ్లలో నేను ఆరేళ్లున్నాను, చివరి రెండేళ్లు మా ఫ్లోర్ బాధ్యత నాదే. రూమ్మేట్ల పంచాయితీలు ఎన్ని చూశానో లెక్కలేదు. చిలికి చిలికి గాలివాన అయినవే అన్నీ. లైటు, ఫ్యాను, తడి తువ్వాలు, ఇంతే మొదలు.

రాత్రి రెండింటికి చెప్పకండి. అప్పుడు మీరు కోపంలో ఉంటారు, తను అలసటలో ఉంటుంది. వార్డెన్ ముందు మొదటిసారి చెప్పకండి. పక్క గదివాళ్లతో అసలే చెప్పకండి, ఆ మాట మీకన్నా ముందు తన దగ్గరికి వెళ్తుంది, రెండు కొమ్ములు తొడుక్కుని మరీ వెళ్తుంది. చీటీ రాసి టేబుల్ మీద పెట్టకండి. రాతలో మీ గొంతు ఉండదు, చదివేవాళ్లు తమకి తోచిన గొంతు పెట్టుకుంటారు.

సాయంత్రం పూట, ఇద్దరూ తిని వచ్చాక, నడుస్తూనో బట్టలు మడతపెడుతూనో చెప్పండి. ఎదురెదురుగా కూర్చుంటే అది విచారణలా ఉంటుంది. "నువ్వు లైటు ఆర్పవు" అని మొదలుపెట్టకండి, "నాకు వెలుతురుంటే నిద్ర పట్టట్లేదక్కా, క్లాసులో తూలిపోతున్నాను" అని చెప్పండి. తర్వాత ఆగండి, తనని మాట్లాడనివ్వండి. ఆఖర్న మీరొక ప్రశ్న అడగాలి, ఇది మర్చిపోవద్దు: "నా వల్ల నీకేమన్నా ఇబ్బంది ఉందా?" అని. మూడు వారాల్లో మీ వల్ల తనకి ఏ ఇబ్బందీ లేకుండా ఉండదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీ రూమ్మేట్ మీ అమ్మ కాదు కూడా.

గట్టిమాట

పై మాటలన్నీ బాగున్నాయి, కానీ నేను ఒక గీత గీయాలనుకుంటున్నాను. ఇక్కడ చదివే ప్రతి ఒక్కరూ "మాట్లాడితే సరిపోతుంది" అనుకోకూడదు.

లైటు, అలారం, కిటికీ, శుభ్రం, ఇవి మాట్లాడుకునేవి. అడగకుండా మీ డబ్బు తీయడం, మీరు నిద్రపోతుండగా తెలియని మనుషుల్ని గదిలోకి తేవడం, మీ ఫోటోలు తీయడం, బెదిరించడం, సీనియరన్న పేరుతో పనులు చేయించుకోవడం, ఇవి మాట్లాడుకునేవి కావు. అలాంటప్పుడు మొదటి రోజే వార్డెన్ దగ్గరికి వెళ్లాలి, నోటితో చెప్పడమే కాదు, తేదీ వేసి కాగితం మీద రాసి ఇవ్వాలి, ఒక కాపీ దగ్గర ఉంచుకోవాలి. నేను మొదటి ఏడాది అలాంటి గదిలోనే ఉన్నాను. అందరూ "సర్దుకుపో" అన్నారు. సర్దుకుపోయాను, పరీక్షలు రాయకుండా ఇంటికి వెళ్లిపోయాను. మళ్లీ తిరిగి రావడానికి ఒక ఏడాది పట్టింది. సర్దుకుపొమ్మనే ముందు దేనికి సర్దుకోవాలో అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

తూర్పుకిటికీ గారూ, మీది ఈ రకం కాదని మీ మాటల్లోనే తెలుస్తోంది. మీకు కాదు, ఇది చదువుతున్న ఇంకెవరికో రాశాను.

పాత_బ్యాచ్

గట్టిమాట చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేనే ముందు రాయాల్సింది.

తూర్పుకిటికీ

మాది అలాంటిది కాదండీ, అస్సలు కాదు. నాకు జ్వరం వచ్చినరోజు తనే తినడానికి తెచ్చిపెట్టింది. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

సింగిల్ రూమ్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? అసలు అదెలా ఉంటుంది?

ఒంటిగది

నేనున్నాను, ఏడాదిన్నర. అడిగారు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను.

మొదటి నెల స్వర్గం. నచ్చినప్పుడు నిద్ర, నచ్చినప్పుడు లైటు. రెండో నెల నుంచి ఒకటి గమనించాను. శుక్రవారం సాయంత్రం క్లాసు అయ్యాక మళ్లీ సోమవారం దాకా నా గొంతు నేనే వినలేదు. ఎవరూ తలుపు తట్టలేదు, నేనూ ఎవరి తలుపూ తట్టలేదు. ఒంట్లో బాగోలేక రెండు రోజులు మంచం మీదే ఉంటే ఎవరికీ తెలియలేదు. ఆ రెండు రోజులూ నాకు బాగా గుర్తున్నాయి. మంచినీళ్ల సీసా నింపుకోవడానికి లేవలేక, అవతల నడవాలో అందరి అడుగులూ వింటూ పడుకున్నాను.

అలాగని సింగిల్ రూమ్ చెడ్డదని చెప్పను. మూడో ఏడాదిలో, అప్పటికే స్నేహితులున్నవాళ్లకి అది చాలా మంచిది. నాకు ఇప్పుడు బాగానే ఉంది, ఎందుకంటే ఒక నియమం పెట్టుకున్నాను: గదిలో ఉండి మెలకువగా ఉంటే సాయంత్రం 6 నుంచి 8 దాకా తలుపు తీసే ఉంచుతాను. కానీ మూడో వారంలోనే, హాస్టల్‌లో ఇంకెవరూ తెలియకుండా ఒంటరి గదిలోకి వెళ్లేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. మీకు రూమ్మేట్ కాక ఆ ఫ్లోర్‌లో ఇంకెవరు తెలుసు? పేర్లు చెప్పగలరా?

తూర్పుకిటికీ

ఇద్దరి పేర్లు. అంతే.

మనుషులు_మనసులు

ఒంటిగది గారు తలుపు గురించి చెప్పింది చూసి రాస్తున్నాను. నేను సైకాలజీ విద్యార్థిని. హాస్టళ్ల మీద జరిగిన పరిశోధనలు మా పాఠాల్లో ఉన్నాయి, నాకు చాలా ఇష్టమైనవి అవే.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీలో, పెళ్లయిన విద్యార్థుల కోసం కట్టిన ఇళ్లలో ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అనే ముగ్గురు ఎవరు ఎవరికి స్నేహితులయ్యారో లెక్కగట్టారు. 1950లో ప్రచురించారు. ఇళ్లు ఎవరికి ఏది వస్తే అది ఇచ్చారు, ఎంచుకోలేదు. ఒకే అంతస్తులో పక్కపక్క తలుపుల వాళ్లలో 41 శాతం మంది ఒకరినొకరు దగ్గరి స్నేహితులుగా చెప్పారు. ఒక తలుపు దాటి అవతలైతే 22 శాతం. ఆ చివరా ఈ చివరా ఉంటే 10 శాతం. వాళ్ల మధ్య దూరం కొన్ని అడుగులే! మెట్లు దిగేచోట ఉన్న ఇంటివాళ్లకి పై అంతస్తులోనూ స్నేహితులు ఎక్కువ, ఎందుకంటే పైవాళ్లు రోజూ ఆ తలుపు ముందు నుంచే దిగాలి. అభిరుచులు కలవడం కన్నా ముందు దారులు కలవాలి.

దీనికి అవతలి వైపు కూడా ఉంది. 1970లలో బామ్, వాలిన్స్ అనే ఇద్దరు రెండు రకాల హాస్టళ్లని పోల్చారు. ఒకదాంట్లో పొడుగాటి నడవా, ఇద్దరేసి ఉండే గదులు, 34 మందికి కలిపి ఒకే బాత్‌రూమ్, ఒకే లాంజ్. ఇంకోదాంట్లో నలుగురి నుంచి ఆరుగురికి ఒక చిన్న హాలు, బాత్‌రూమ్. మనిషికి దక్కే చోటు రెండింట్లో ఇంచుమించు సమానం. అయినా పొడుగు నడవా వాళ్లు "కిక్కిరిసినట్టుంది" అన్నారు. వేరేచోట, ముక్కూమొహం తెలియని మనిషి పక్కన కూర్చోబెట్టినప్పుడు కూడా దూరం జరిగి కూర్చున్నారు, తక్కువ చూశారు. కారణం జనం ఎక్కువ కావడం మాత్రమే కాదు. ఎప్పుడు ఎవరు ఎదురవుతారో తమ చేతిలో లేకపోవడం.

కాబట్టి హాస్టల్‌లో ఎవరికైనా గదిలోకి ముడుచుకుపోవాలనిపిస్తే అది వాళ్ల లోపం అనుకోకండి. కట్టడం కూడా కొంత కారణం. తూర్పుకిటికీ, మీరు "నాకే సర్దుకోవడం రావట్లేదా" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు, దయచేసి తీసేయండి.

నడవా_చివరిగది

నేను మొదట ఫారం ఇచ్చేయమన్నాను, ఇప్పటికీ తప్పు సలహా అనుకోను. కానీ ఆ 10 శాతం చదివాక మా నడవా గుర్తొచ్చింది. నాది పేరులో ఉన్నట్టే చివరి గది. రెండేళ్లయింది, మెట్ల దగ్గర గదులవాళ్లు నాకు మొహాలుగానే తెలుసు. నేను కలుపుగోలు మనిషిని కాదని అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ.

ఆ ఖాళీ అయిన సింగిల్ రూమ్ ఎక్కడుందో చూసుకోండి తూర్పుకిటికీ గారూ. చివరన ఉంటే ఇంకోసారి ఆలోచించండి.

గీతలు_గోడలు

ఆర్కిటెక్చర్ వాళ్లం ఈ విషయం రాగానే ఊరుకోలేం. ఎంఐటీలోనే బేకర్ హౌస్ అని విద్యార్థి నివాసం ఉంది, ఫిన్లాండ్ ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో కట్టింది, 1949లో పూర్తయింది. భవనం మొత్తం నది అలలా వంపులు తిరిగి ఉంటుంది, వీలైనన్ని గదుల్లోంచి నది కనపడాలని. తిన్నటి గోడ కట్టడం తేలికని ఆయనకి తెలియక కాదు. దీనికి పూర్తి వ్యతిరేకం 2021లో అమెరికాలోనే శాంటా బార్బరాలో ప్రతిపాదించిన ముంగర్ హాల్. 4,500 మందికి ఒకే భవనం, పడక గదుల్లో నూటికి 94 గదులకి కిటికీయే లేదు, బదులుగా కృత్రిమ వెలుతురు. యూనివర్సిటీ సమీక్షా సంఘంలో ఉన్న ఒక ఆర్కిటెక్ట్ దాన్ని ఒప్పుకోలేక రాజీనామా చేశారు. చివరికి 2023లో ఆ ప్రతిపాదన ఆగిపోయింది.

అడిగిన అమ్మాయి పేరే తూర్పుకిటికీ. ఇప్పుడున్న గదిలో పొద్దుటి ఎండ వస్తుందన్నమాట. సింగిల్ రూమ్ కిటికీ ఎటువైపో చూశారా? తొందరగా లేచేవాళ్లకి పొద్దుటి ఎండ చిన్న విషయం కాదు.

తూర్పుకిటికీ

ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. సింగిల్ రూమ్ నడవా చివరనే, కిటికీ పక్క భవనం గోడవైపు. పరుపు పాతది, అంచున చిన్న చిన్న నల్లటి చుక్కలున్నాయి. ప్లగ్ పాయింట్ ఒక్కటే, ఇంతకుముందున్న వాళ్లు ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇంకో బాక్సు తగిలించి వెళ్లారు. నీళ్ల కెటిల్, రూమ్ హీటర్ దానికే పెట్టేవాళ్లట. అది వాడుకోవచ్చా?

కరెంటు_మనిషి

వద్దు. ఆ రెండో బాక్సు ఇవాళే తీయించేయండి, మీరు మారినా మారకపోయినా.

లెక్క చాలా తేలిక. వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 230 వోల్టుల సప్లైలో 1,500 వాట్ల కెటిల్ ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. 2,000 వాట్ల హీటర్ దాదాపు 8.7. రెండూ ఒకేసారి వేస్తే 15 దాటింది. బాక్సు వెనక ఎన్ని ఆంపియర్లని రాసుందో తిప్పి చూడండి, చాలావాటి మీద 6, 10, 13, ఇలా ఉంటుంది. కరెంటు రెండింతలైతే వైరులో వేడి నాలుగింతలవుతుంది. పైగా వైరు చుట్టచుట్టి మంచం కింద పెడతారు, వేడి బయటికి పోయే దారి ఉండదు. వేడి పుట్టించే వస్తువు ఏదైనా గోడ ప్లగ్‌కే పెట్టాలి, అదీ హాస్టల్ నియమాలు ఒప్పుకుంటేనే.

ఇంకొకటి, ఇది నా మనసులో ఉండిపోయింది. 2000 జనవరిలో అమెరికాలోని సీటన్ హాల్ యూనివర్సిటీ హాస్టల్‌లో తెల్లవారుజామున మంటలొచ్చాయి. ముగ్గురు మొదటి ఏడాది విద్యార్థులు చనిపోయారు, యాభైమందికి పైగా గాయపడ్డారు. అలారం మోగింది. కానీ అంతకుముందు ఉత్తుత్తి అలారాలు ఎన్నోసార్లు మోగి ఉండటంతో చాలామంది మంచం దిగలేదు. మంట పుడితే పైనుంచి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఆ భవనంలో లేవు. ఆ తర్వాతే ఆ రాష్ట్రంలో హాస్టళ్లన్నిటికీ స్ప్రింక్లర్లు తప్పనిసరి చేశారు. దయచేసి అలారం మోగిన ప్రతిసారీ దిగండి, పరీక్ష ముందురోజైనా సరే. మీ గది నుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులున్నాయో ఒకసారి లెక్కపెట్టుకోండి. పొగలో కళ్లు పనిచేయవు, చేతులే దారి చూపాలి.

పాత_బ్యాచ్

పరుపు అంచున నల్లటి చుక్కలన్నారు. అవి నల్లుల గుర్తులు కావచ్చు. కుట్ల వెంబడి, మంచం చెక్కల సందుల్లో టార్చి వేసి చూడండి. చుక్క మీద తడి గుడ్డతో రుద్దితే సిరాలా పాకితే అనుమానించాల్సిందే. ఆ గదిలోంచి ఏ వస్తువూ మీ గదికి తేకండి, మీ బ్యాగు అక్కడ మంచం మీద పెట్టకండి. కేర్‌టేకర్‌కి చెప్పండి. నల్లులు తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి, "గది ఖాళీగా ఉంది కదా చచ్చిపోయుంటాయి" అనుకోవడం పొరపాటు. మీ రూమ్‌లో వస్తే బట్టలు, దుప్పట్లు 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకాలి. ఇది శుభ్రత లేకపోవడం వల్ల వచ్చేది కాదు, ఎవరి సామానులోనో వస్తుంది, సిగ్గుపడి దాచిపెడితే నడవా అంతా పాకుతుంది.

తెల్లకోటు

తూర్పుకిటికీ గారు జ్వరం సంగతి చెప్పారు కాబట్టి ఒకటి చెప్పి వెళ్తాను, భయపెట్టడానికి కాదు. హాస్టళ్లలో కొత్తగా చేరిన మొదటి ఏడాది వాళ్లకి మెనింజైటిస్ (మెదడు చుట్టూ ఉండే పొరల వాపు) ముప్పు కొంచెం ఎక్కువ. అరుదైన జబ్బే, కానీ గంటల్లో ముదురుతుంది. జ్వరంతోపాటు విపరీతమైన తలనొప్పి, మెడ వంచలేకపోవడం, వెలుతురు చూడలేకపోవడం, అయోమయం, గాజు గ్లాసుతో నొక్కినా మాయం కాని దద్దురు, వీటిలో ఏవి కనపడినా పొద్దున చూద్దాంలే అనుకోకండి, ఆ రాత్రే ఆసుపత్రికి. దద్దురు ఉంటేనే అనుకోవద్దు, అది ఆఖర్న రావచ్చు, రాకపోనూ వచ్చు. కొన్ని రకాలకి టీకా ఉంది, వేయించుకున్నారో లేదో ఇంట్లో అడగండి.

ఇలాంటప్పుడు పక్క మంచం మీద ఒక మనిషి ఉండటం చాలా పెద్ద విషయం. అయోమయంలో ఉన్నవాళ్లు తమంతట తాము ఫోన్ చేయలేరు.

తూర్పుకిటికీ

నిన్న సాయంత్రం చెప్పాను.

పాత_బ్యాచ్ గారు చెప్పినట్టే బట్టలు మడతపెడుతూ మొదలుపెట్టాను. గొంతు వణికింది. "నాకు వెలుతురుంటే నిద్ర పట్టట్లేదక్కా" అన్నాను, ఇంకా ఏదో చెప్పబోయాను, తను మధ్యలోనే "మరి ఇన్ని రోజులూ చెప్పలేదేం?" అంది. కోపంగా కాదు. నిజంగా తెలియక అడిగింది. నేను కళ్లు మూసుకుని పడుకుంటే నిద్రపోయాననే అనుకునేదట. తన పాత రూమ్మేట్ లైటు వేసి ఉంటేనే పడుకునేదట, చీకటంటే భయమని. అందుకే అలవాటైపోయింది.

తర్వాత ఆ ప్రశ్న అడిగాను, "నా వల్ల నీకేమన్నా ఇబ్బందా?" అని. తను కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. నేను రోజూ పొద్దున ఏడింటికి ఇంటికి ఫోన్ చేస్తాను, స్పీకర్ పెట్టి. అమ్మ, నాన్న, తమ్ముడు అందరూ ఒకేసారి మాట్లాడతారు. తను నిద్రపోయేది రెండింటికి, ఆ అలారాలన్నీ ఆపుకుని మళ్లీ కాస్త కునుకు పట్టే సమయానికి మా ఇంట్లోవాళ్లందరూ ఆ గదిలో ఉంటారు. మూడు వారాలుగా. నాకు ఆ మాట వినగానే ఏడుపొచ్చింది. తను భయపడిపోయి "అయ్యో, అందుకే చెప్పలేదు, నువ్వు ఇంటి మీద బెంగతో ఉన్నావని" అంది.

గుడ్లగూబ గారూ, మీరే గుర్తొచ్చారు. చుట్టూ అందరికీ తెలిసి మీకొక్కరికే తెలియకపోవడం అన్నారు కదా. మా గదిలో ఇద్దరం అలాగే ఉన్నాం.

పన్నెండు దాటితే తను ల్యాంపు వాడుతుంది, పెద్ద లైటు వద్దు. నేను పొద్దున ఫోన్ నడవాలో మాట్లాడతాను. ఇవాళ అలాగే కిటికీ గట్టు మీద కూర్చుని మాట్లాడుతుంటే ఎదురు గది అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. తనూ ఇంటికి ఫోన్ చేసుకోవడానికే వచ్చింది. మూడో పేరు తెలిసింది.

గుడ్లగూబ

చదువుతుంటే ఒళ్లు జలదరించింది. వాడికి ఇవాళ ఫోన్ చేస్తాను. ఎన్నేళ్లయిందో మాట్లాడి.

ఒంటిగది

మరి ఫారం?

తూర్పుకిటికీ

ఇవ్వలేదు. గడువు ఇవాళ సాయంత్రంతో అయిపోయింది. పరుపు సంగతి, ఆ బాక్సు సంగతి కేర్‌టేకర్‌కి చెప్పాను, ఇంకెవరైనా ఆ గదిలోకి వెళ్లేలోపు చూస్తామన్నారు. మళ్లీ రేపు అడుగుతాను.

అలారం సమస్య మాత్రం తీరలేదు. మొత్తం ఆపేస్తే తను లేవలేదు, తొమ్మిదింటి క్లాసు పోతుంది. ఆరింటి నుంచి పెట్టేది ఎనిమిదింటికి లేవడానికట. దీనికేమన్నా దారి ఉందా?

నిద్రమాత్రం_వదలను

ఉంది. చప్పుడు లేకుండా మణికట్టు మీద వణికే బ్యాండ్లు ఉంటాయి, దిండు కింద పెట్టుకునే చిన్న వైబ్రేటర్లు కూడా. వినికిడి తక్కువ ఉన్నవాళ్లు వాడేవి అవి, హాస్టల్ గదులకి బాగా పనికొస్తాయి. ఆరింటి నుంచి ముక్కలు ముక్కలుగా లేచే ఆ రెండు గంటలు తనకి నిద్రా కాదు, మెలకువా కాదు. ఎనిమిదికి ఒక్కటే పెట్టుకుని, ఫోన్ మంచానికి దూరంగా మీ టేబుల్ మీద పెట్టమనండి. మీరు అప్పటికి క్లాసుకి వెళ్లిపోతారు కాబట్టి మోగినా ఫర్వాలేదు. వెళ్లేముందు ఆ తూర్పు కిటికీ కర్టెన్ తీసి వెళ్లండి. మిగతాది ఎండ చూసుకుంటుంది.

తూర్పుకిటికీ

కర్టెన్ తీయనా అని ఇప్పుడే అడిగాను. "తీయి, కానీ సగమే" అంది.